తేదీ అడిగే పెట్టె

"ఎవరి తప్పూ లేదు. నేనే అలసిపోయాను. నన్ను క్షమించండి."

నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. మాటలు తెలుగువి, లిపి ఇంగ్లిష్‌ది. టీచరమ్మ వాటిని నాలుగోసారి చదివి, కళ్ళద్దాలు తీసి చేతిరుమాలుతో తుడుచుకుంది.

"ఎన్నిసార్లు చదివినా అదే ఉంటుంది మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఐదింటికి ఫైలు మూసేస్తున్నాను. ఆత్మహత్య. ఇప్పుడు రెండున్నర. మీకు రెండున్నర గంటల టైముంది, మీ సరదా తీర్చుకోండి."

టీచరమ్మ బడి మానేసి ఆరేళ్ళయింది. ఇరవై రెండేళ్ళు లెక్కలు చెప్పి, పిల్లల అబద్ధాలు పట్టీ పట్టీ చెయ్యి తిరిగి, చివరికి అదే వృత్తిగా పెట్టుకుని ప్రైవేటు డిటెక్టివ్ అయింది. పేరు మాత్రం పాతదే అతుక్కుపోయింది. ఈ ఇన్‌స్పెక్టరు ఆమె దగ్గర తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివినవాడు. ఆ సంగతి ఆమె ఏనాడూ నలుగురిలో ఎత్తలేదు. ఎత్తకపోవడమే అతనికి ఎక్కువగా గుచ్చుకునేది.

చనిపోయినాయన్ని అందరూ పెద్దాయన అనేవారు. టెలిఫోన్ ఆఫీసులో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. పాత సామాన్ల కొట్లలో, మూతపడిన ఆఫీసుల్లో ఎవరికీ అక్కర్లేని కంప్యూటర్లు కొనుక్కొచ్చి, ఊడదీసి, కడిగి, అతికించి మళ్ళీ బతికించడం ఆయన పిచ్చి. ఇంట్లో అలాంటివి ముప్ఫై ఒకటున్నాయి. మంగళవారం మధ్యాహ్నం పని గదిలో కరెంటు తీగ చేతిలో పట్టుకుని పోయాడు. హాల్లో ఉన్న ఈ పాత మిషన్ మీద ఈ మూడు వాక్యాలు కనిపించాయి.

ఆయన కూతురు నిన్న టీచరమ్మ ఇంటికొచ్చి కుర్చీలో కూడా కూర్చోకుండా ఏడ్చింది. "మనవరాలి నాటకానికి వస్తానని మాటిచ్చాడండీ. పిల్ల స్టేజీ మీంచి తాతయ్య కోసం వెతుక్కుంటూనే ఉంది. ఎక్కడో ఆఫీసు మూసేస్తూ కంప్యూటర్లు అమ్ముతున్నారని అటు పోయాడు. మంగళవారం మూడు దాటాక వచ్చి కడిగేశాను. మనుషులతో బతకడం ఎప్పుడో మానేశావు, ఆ పెట్టెల మధ్యే చావు అన్నాను. మాట్లాడకుండా పని గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. నేనన్న గంటలోపే..." కళ్ళు తుడుచుకుని ఒక్కటే అడిగింది. "నా మాట వల్ల పోయాడా, కాదా? అది తేల్చండి. ఏదైనా సరే, నాకు తెలియాలి."

ఆ 'ఏదైనా సరే' అన్న మాట టీచరమ్మ మనసులో రాత్రంతా మెదిలింది. అందుకే పొద్దున్నే నాలుగు చోట్లకు తిరిగి, నాలుగు సంగతులు కనుక్కుని వచ్చింది.

"పని గది చూద్దాం పద," అంది ఇన్‌స్పెక్టరుతో.

ఆ ఇంట్లో వీధి తలుపు తీస్తే సన్నటి నడవ. ఎడమ చేతికి హాలు, వంటిల్లు. నడవ చివర పని గది. నడవకు కిటికీ లేదు, తలుపేస్తే పట్టపగలే చీకటి. ఇన్‌స్పెక్టరు గోడ మీది మెయిన్ పైకి నెట్టాడు. హాలుకీ వంటింటికీ లైను వేరు, ఇది నడవకీ పని గదికీ మాత్రమే. నడవలో బల్బూ, పని గదిలో ట్యూబ్‌లైటూ ఒక్కసారే వెలిగాయి.

"మీరొచ్చేసరికి ఇది ఎలా ఉంది?"

"దింపి ఉంది. భార్య వచ్చి చూసి, ముందు మెయిన్ దింపి, తర్వాత ఆయన్ని ముట్టుకున్నానంది. తెలివైన మనిషి. ఐదూ అయిదుకి ఇంటికొచ్చింది, ఐదూ పదికి మాకు ఫోన్ చేసింది. అంతకుముందు పళ్ళ డాక్టరు దగ్గర ఉందిట."

టీచరమ్మ తలూపి లోపలికి నడిచింది.

గది చూస్తే ఆ మనిషి ఎలాంటివాడో తెలిసిపోతుంది. ప్రతి పెట్టెకూ దారంతో కట్టిన అట్టముక్క. దాని మీద ఎప్పుడు కొన్నది, ఎక్కడ కొన్నది, ఏం పోయింది, ఏం మార్చింది పొందిగ్గా రాసి ఉంది. ఊడదీసిన మరలు రేకు మూతల్లో, పీకిన వరుసలోనే పేర్చి ఉన్నాయి. బల్ల పక్కన గోడకి ప్లగ్గు పాయింటు తెరిచి ఉంది. పాతది తీసేసి పెద్దది బిగిస్తున్నాడు. మూడు తీగల్లో రెండు బిగించి ఉన్నాయి. మూడోది, ఎర్రది, బయటికి వేలాడుతోంది. దాని మొనకు పోలీసులు టేపు చుట్టారు. కింద మోకాళ్ళకు వేసుకున్న మెత్త ఇంకా అక్కడే ఉంది.

టీచరమ్మ ఆ మెత్త మీద మోకాళ్ళూని కూర్చుని, బిగించిన రెండు తీగల్ని వేలితో లాగి చూసింది. కదల్లేదు.

"నువ్వు చావాలనుకున్నావనుకో," అంది వెనక్కి తిరగకుండా.

"నేనెందుకు చస్తాను మేడమ్?"

"మాటవరసకి. మోకాళ్ళు నొప్పెడతాయని మెత్త వేసుకుంటావా? రెండు తీగలు కదలకుండా బిగించి, మూడోది చేతిలోకి తీసుకుని, అప్పుడు లేచి నడవలోకి వెళ్ళి, మెయిన్ వేసి, మళ్ళీ వచ్చి మెత్త మీద కూర్చుని పట్టుకుంటావా?"

"మధ్యలో మనసు మారొచ్చు. కూతురు వచ్చి తిట్టిపోయింది కదా. వచ్చి కూర్చున్నాడు, పని మీద మనసు పోలేదు, లేచాడు, వేశాడు." ఇన్‌స్పెక్టరు చేతులు కట్టుకున్నాడు. "నలభై ఏళ్ళు కరెంటుతో పనిచేసినవాడు పొరపాటున పట్టుకోడు. అదీ మీరే చెప్తారు కాసేపటికి. మరి పొరపాటు కాకపోతే ఏంటి?"

అడగాల్సిన ప్రశ్న అదే. తొమ్మిదో తరగతిలో ఇలా ఒక్కసారైనా అడిగి ఉంటే రెండో ఏడు తప్పేది అనుకుంది టీచరమ్మ. పైకి అనలేదు.

గుమ్మంలో ఎవరో దగ్గారు. నెరిసిన గడ్డం, మాసిన చొక్కా, జేబులో స్క్రూడ్రైవరు. పెద్దాయనకు ఉన్న ఒక్కగానొక్క స్నేహితుడు. పాత కంప్యూటర్ల వ్యాపారం. అందరూ ఫ్లాపీ అంటారు, కూతురు మాత్రం బాబాయ్ అంటుంది. ఇందాక హాల్లో మిషన్ ఆన్ చేసి ఆ చీటీ తెరిచింది ఇతనే.

"నువ్వు పెద్దాయనతో చివరిగా ఎప్పుడు మాట్లాడావు?" టీచరమ్మ అడిగింది.

"మంగళవారం మూడుంబావుకి. ఆయనే ఫోన్ చేశాడు."

"ఏమన్నాడు?"

"కొత్తగా తెచ్చిన మిషనుకి ఇక్కడి ప్లగ్గు సరిపోవడం లేదురా, పెద్ద పాయింటు పెడుతున్నా, మెయిన్ దింపేశాను, గంటా రెండు గంటల్లో కరెంటు ఇస్తా, వచ్చి చూద్దువుగాని అన్నాడు. గొంతులో హుషారు పొంగిపోతోంది. నేనొచ్చేసరికి ఐదున్నర. అప్పటికే..." అతను గడ్డం నిమురుకున్నాడు. "చిన్నపిల్లాడిలా పిలిచాడమ్మా. చచ్చేవాడు అలా పిలవడు."

ఇన్‌స్పెక్టరు మొహంలో రంగు మారింది. "మూడుంబావుకి మెయిన్ దింపి ఉందా? ఇది నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు సార్. చీటీ దొరికింది, ఇక నువ్వు పో అన్నారు."

"ఇంకో మాట," అంది టీచరమ్మ. "మెయిన్ దింపితే సరిపోతుందా? ఫ్యూజు పీకడా?"

"పీకి జేబులో వేసుకుంటాడు. అది ఆయన పట్టింపు. నేనుంటే నాకు కూడా ఇవ్వడు. కానీ వదిన ఇంట్లో లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు మెయిన్ దింపి ఊరుకునేవాడు. నేనున్నది ఒక్కణ్ణే కదరా, ఎవడొచ్చి వేస్తాడు అనేవాడు."

ఇన్‌స్పెక్టరు నడవలోకి వెళ్ళి ఆ మెయిన్ వైపు మొదటిసారి చూస్తున్నట్టు చూసి వచ్చాడు.

"అంటే ఎవరో వచ్చి వేశారంటారు. హత్య అంటారు."

"హత్య అని నేననలేదు. ఇంకో చెయ్యి ఉందన్నాను."

"చేతి సంగతి సరే, చీటీ మాటేమిటి? అది దెయ్యం రాసిందా?"

"పద, దాన్నే అడుగుదాం."

ముగ్గురూ హాల్లోకి వచ్చారు. కూతురు కిటికీ దగ్గర కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. తల్లి వంటింట్లో టీ పెడుతోంది, గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

"ఫ్లాపీ, ఇందాక ఇది ఆన్ చేయగానే ఏదో అడిగింది. నువ్వు రెండుసార్లు ఎంటర్ కొట్టి ముందుకెళ్ళావు. ఏమిటది?"

"తేదీ, టైము అడుగుతుందమ్మా. పాత మిషన్లన్నీ అంతే. అందులో గడియారానికి చిన్న బ్యాటరీ ఉంటుంది. ఏళ్ళు గడిస్తే అది కారి, లోపలి బోర్డుని తినేస్తుంది. అందుకే ఏ మిషన్ ఇంటికొచ్చినా పెద్దాయన మొదటి పని మూత విప్పి బ్యాటరీ పీకడం. మరి బ్యాటరీ లేకపోతే దానికి ఇవాళేంటో తెలియదు. ఆన్ చేసిన ప్రతిసారీ 1980 జనవరి ఒకటి అనుకుంటుంది. కాదంటే మనమే చెప్పాలి."

"పెద్దాయన చెప్పేవాడా?"

"ఎప్పుడూ లేదు. దీనికి తేదీతో పనేంట్రా, దీని పాటికి దీన్ని ఆ రోజుల్లోనే ఉండనీ అనేవాడు. రెండు ఎంటర్లు కొట్టి పోవడమే. నేనూ అంతే."

"ఇందులో ఉన్న ఫైళ్ళన్నీ ఒకసారి చూపించు. ఏది ఎప్పుడు రాశాడో తేదీలతో సహా."

ఫ్లాపీ ఏదో కొట్టాడు. తెర మీద జాబితా పైకి పాకింది. నలభై దాకా పేర్లు. అన్నిటి పక్కనా 1980 జనవరి ఒకటి. ఫ్లాపీ వేలు తెర మీద కిందికి జారుతూ వచ్చి, ఆఖరి పేరు దగ్గర ఆగిపోయింది.

ఆఖరి పేరు ఆ చీటీది. దాని పక్కన ఈ నెల, ఈ మంగళవారం తేదీ. టైము నాలుగూ యాభై రెండు.

"ఏముంది అందులో?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మంగళవారం రాశాడు, మంగళవారం అని పడింది."

"దీనికి మంగళవారం తెలియదు సార్," అన్నాడు ఫ్లాపీ. "ఎవరో చెప్పారు దీనికి. కూర్చుని, తేదీ కొట్టి, టైము కొట్టి, అప్పుడు రాశారు. పెద్దాయన కాదు. పెద్దాయన కానే కాదు."

"పోస్టుమార్టంలో ఏం చెప్పారు?" టీచరమ్మ మెల్లిగా అడిగింది.

ఇన్‌స్పెక్టరు రిపోర్టు తీసి చూశాడు. "మూడున్నరకీ నాలుగింటికీ మధ్య."

"చచ్చిపోయిన యాభై నిమిషాలకి లేచొచ్చి చీటీ రాశాడన్నమాట. నీ రిపోర్టులో చీటీ టైము ఏమని రాశావు?"

"సుమారు మూడున్నర అని."

"సుమారు," అంది టీచరమ్మ. బళ్ళో ఎర్ర సిరాతో సున్నా చుట్టేటప్పుడు కూడా ఆమె గొంతు ఇలాగే ఉండేది. ఇన్‌స్పెక్టరు చెవులు ఎర్రబడ్డాయి.

కిటికీ దగ్గర కుర్చీ కదిలింది. కూతురు లేచి నిలబడింది. మొహంలో మూడు రోజులుగా లేని ఊపిరి కనిపించింది. "అంటే నాన్న రాయలేదా? నాన్న కావాలని చావలేదా?"

"రాయలేదమ్మా. మీ నాన్న కొత్త ప్లగ్గు బిగించుకుంటూ, స్నేహితుడు వస్తాడని ఎదురుచూస్తూ పోయాడు. నీ మాట వల్ల కాదు."

కూతురు రెండు చేతులతో మొహం కప్పుకుని భోరున ఏడ్చింది. గుండె మీది బండ దిగిన ఏడుపు అది. ఫ్లాపీ వెళ్ళి ఆమె తల నిమిరాడు. నిజానికి టీచరమ్మకి అప్పగించిన పని అక్కడితో అయిపోయింది. అక్కడే లేచి వెళ్ళిపోయి ఉంటే బాగుండేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకుంది. కానీ లెక్క సగంలో వదిలేసే అలవాటు ఆమెకు లేదు.

"ఒక చిన్న పరీక్ష," అంది. "దీన్ని ఆపేసి ఒక్కొక్కరే ఆన్ చేయండి."

"మీకింకా పరీక్షల పిచ్చి పోలేదు మేడమ్," అని గొణిగి, అందరికంటే ముందు ఇన్‌స్పెక్టరే కూర్చున్నాడు. తేదీ అడిగిన చోట ఏదో కొట్టాడు. మిషన్ ఒప్పుకోలేదు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ ఒప్పుకోలేదు. ఫ్లాపీ నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు. తర్వాత కూతురు కూర్చుంది. "ఇదేం అడుగుతోంది బాబాయ్? నేనెప్పుడూ ముట్టుకోలేదు దీన్ని," అని లేచిపోయింది.

తల్లి టీ కప్పుల పళ్ళెంతో వచ్చింది. సన్నగా, నిటారుగా ఉండే మనిషి. మూడు రోజుల్లో ఆమె ఏడవగా ఎవరూ చూడలేదు.

"మీరూ ఒకసారి ఆన్ చేస్తారా?" అంది టీచరమ్మ, పళ్ళెం అందుకుంటూ.

"నాకెందుకండీ ఇవన్నీ," అంటూనే ఆమె కూర్చుంది. మీట నొక్కింది. పెట్టె గుర్రుమని, తెర వెలిగి, తేదీ అడిగింది.

ఆమె వేళ్ళు కదిలాయి. మీటల వైపు చూడనే లేదు. ముందు నెల, అడ్డగీత, తర్వాత రోజు, అడ్డగీత, సంవత్సరం, ఎంటర్. తల ఎత్తి గోడ గడియారం చూసింది, టైము కొట్టింది, ఎంటర్. అంతా కలిపి ఊపిరి పీల్చి వదిలినంత సేపు పట్టలేదు.

అప్పుడు ఆమె చేతులు మీటల మీదే బిగుసుకుపోయాయి.

ఫ్లాపీ చేతిలో టీ కప్పు ఒలికి చొక్కా మీద పడింది, అతను చూసుకోలేదు.

"అమ్మ పార్సిల్ ఆఫీసులో చేసేది," అంది కూతురు, ఎవరికో సంజాయిషీ ఇస్తున్నట్టు. "ఇరవై ఆరేళ్ళు. ఇలాంటి దాని మీదే."

"తేదీ కొట్టకుండా మొదలుపెడితే మా ఆఫీసరు ఊరుకునేవాడు కాదు," అంది తల్లి తెర వైపే చూస్తూ. "రోజంతా ఎక్కించిన పార్సిళ్ళన్నీ వేరే రోజులో పడిపోయేవి. ఒకసారి ఒకమ్మాయి ఉద్యోగమే పోయింది." తన వేళ్ళ వైపు చూసుకుంది. "మంగళవారం కూడా కొట్టాననే తెలియలేదు నాకు."

ఇన్‌స్పెక్టరు తేరుకున్నాడు. "మీరు ఐదూ అయిదుకి ఇంటికొచ్చానని రాయించారు."

"నాలుగూ నలభైకి వచ్చాను. చీటీ నేనే రాశాను. చేత్తో రాస్తే పోల్చుకుంటారని దీని మీద రాశాను." ఆమె కుర్చీ వెనక్కి జరిపి లేచింది. "మెయిన్ కూడా నేనే వేశాను. ముప్ఫై ఐదేళ్ళు ఈ పెట్టెలతో కాపురం చేశాను, విసుగు పుట్టింది, వేశాను. రాసుకోండి."

కూతురు అమ్మా అంటూ ఒక అడుగు ముందుకేసింది.

"వేయలేదు," అంది టీచరమ్మ. "మూడున్నర నుంచి నాలుగున్నర దాకా మీరు పళ్ళ డాక్టరు దగ్గరే ఉన్నారు. పొద్దున వెళ్ళి కనుక్కున్నాను. ఆయన పోయే టైముకి మీరు ఆ కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నారు. మీరు వచ్చేసరికే అంతా అయిపోయింది. అలాంటప్పుడు చీటీ ఎందుకు రాశారు? ఎవరి కోసం..."

ఆ మాట పూర్తి చేయలేకపోయింది. ఎందుకంటే తల్లి ఆమెను చూడటం లేదు, ఇన్‌స్పెక్టర్నీ చూడటం లేదు. కిటికీ పక్కన నిలబడ్డ కూతుర్ని చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు, నింద లేదు. నడిరోడ్డు మీద నిలబడ్డ పసిదాన్ని దూరం నుంచి చూస్తున్న తల్లికి ఉండే భయం మాత్రమే ఉంది.

మూడుంబావుకి మెయిన్ దింపి ఉంది. మూడుంబావుకీ నాలుగింటికీ మధ్య ఆ ఇంట్లోకి వచ్చి వెళ్ళిన మనిషి ఒక్కతే. హాల్లో తిట్టి, తండ్రి మాట్లాడకుండా పని గదిలోకి పోయి తలుపేసుకుంటే, ఒంటరిగా ఈ చీకటి నడవలోంచి వీధిలోకి నడిచి వెళ్ళిన మనిషి. చెప్పులు విడిచేది ఆ నడవలోనే. టీచరమ్మ ఇన్నేళ్ళలో ఎన్నో లెక్కలు తేల్చింది, తేలకపోతే బాగుండు అనిపించిన లెక్క ఇదొక్కటే.

"ఇవాళ్టికి చాలు," అంది గబగబా. "ఇన్‌స్పెక్టర్, మిగతాది బయట మాట్లాడుకుందాం రా."

కానీ ఇన్‌స్పెక్టరు మధ్యాహ్నం నుంచి దెబ్బ మీద దెబ్బ తిని ఉన్నాడు. టీచరమ్మ చూపు ఎటు పోయిందో అతనూ చూశాడు. జీవితంలో మొదటిసారి ఆమెతో పాటు అతనికీ జవాబు వచ్చింది, దాన్ని దాచుకోవడం అతని వల్ల కాలేదు.

"ఒక్క ప్రశ్న," అన్నాడు కూతురితో. "మంగళవారం మీరు వెళ్ళేటప్పుడు నడవలో లైటు వెలుగుతోందా?"

"గుర్తులేదని చెప్పు," అంది తల్లి. "చెప్పవే. గుర్తులేదను."

"గుర్తుందమ్మా," అంది కూతురు అయోమయంగా. "వెలగలేదు. చెప్పులు కనబడలేదు. స్విచ్చు వేసినా రాలేదు. చూస్తే మెయిన్ కిందికి ఉంది. ఎప్పుడూ పడిపోతూనే ఉంటుంది కదా, అలాగే పడిందనుకుని నేనే పైకి..."

ఆమె చెయ్యి చెబుతూ చెబుతూ గాల్లోకి లేచింది. మెయిన్ నెట్టిన ఎత్తులో ఆగింది. మాట కూడా అక్కడే ఆగిపోయింది. ఆమె ఆ చేతిని చూసింది, చాలాసేపు చూసింది, అది ఎవరిదో తెలియనట్టు చూసింది. తర్వాత మెల్లగా తల్లి వైపు తిరిగింది.

"నీకు ఫోన్ చేసి చెప్పాను కదమ్మా. నడవలో కరెంటు పోయినా పట్టించుకోడు, నేనే వేసి వచ్చానని. రోడ్డు మీంచే చెప్పాను కదా నీకు."

తల్లి వచ్చి, గాల్లో ఉన్న ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని కిందికి దించింది.

"నువ్వేం చెప్పలేదు," అంది. "నేనేం వినలేదు."